సముద్రం పాలైన నీరు ఏం చేస్తుంది?

గోదావరికి వరదలొచ్చిన ప్రతి యేడూ మన చెవిన పడే మాట ఒకటుంది: ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రం పాలవుతోంది అని. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తారంటే చాలు, టీ కొట్టు దగ్గర నుంచి శాసనసభ దాకా ఇదే మాట. తాగటానికి నీళ్ళు లేని ఊళ్ళున్న దేశంలో ఆ బాధ సహజమే. అనంతపురం రైతుకో, పాలమూరు రైతుకో ఆ మాట వింటే కడుపు మండటంలో తప్పేమీ లేదు.

అయితే ఆ మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. సముద్రంలో కలవటంతో ఆ నీటి కథ ముగిసిపోయిందన్న నమ్మకం అది. నిజానికి అక్కడ కథ ముగియదు, ఇంకో అధ్యాయం మొదలవుతుంది. సముద్రంలో కూడా నదులున్నాయి. వాటికి గట్లు లేవు, రేవులు లేవు, కాని దారులున్నాయి, వేగాలున్నాయి, వరద కాలాలున్నాయి. వాటినే సముద్ర ప్రవాహాలంటాం. మన గోదావరి నీరు, గంగ నీరు ఆ ప్రవాహాల్లో కలిసి ఎక్కడికి పోతుందో, పోయి ఏం చేస్తుందో తెలుసుకుంటే, వృథా అన్న మాట అనేముందు మనం కాస్త ఆగుతాం. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

వేడిని మోసే బోయీలు

ముందుగా ఒక ప్రశ్న. వాతావరణానికీ సముద్రానికీ ఏమిటి సంబంధం? వాన పడేది ఆకాశం నుంచి కదా?

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి ఎంత వేడి కావాలో, అంత వేడితో సుమారు నాలుగు కిలోల గాలిని ఒక డిగ్రీ వేడి చేయవచ్చు. పైగా గాలి కంటే నీరు ఎన్నో వందల రెట్లు బరువు. ఈ రెండూ కలిపి లెక్క వేస్తే ఆశ్చర్యకరమైన సంగతి తేలుతుంది. భూమి చుట్టూ ఉన్న మొత్తం వాతావరణంలో ఎంత వేడి నిలవ ఉండగలదో, అంత వేడి సముద్రంలో పైన ఉన్న సుమారు మూడు మీటర్ల నీటిలోనే నిలవ ఉండగలదు. ఆ మూడు మీటర్ల కింద ఉన్న వేల మీటర్ల నీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

భూమధ్యరేఖ దగ్గర ఎండ ఎక్కువ, ధ్రువాల దగ్గర తక్కువ. ఈ తేడా అలాగే పేరుకుపోతే ఉష్ణమండలం మాడిపోవాలి, ధ్రువ ప్రాంతాలు ఇంకా ఇంకా గడ్డకట్టాలి. అలా జరగకుండా వేడిని ఇక్కడి నుంచి అక్కడికి మోసే బోయీలు ఇద్దరు. ఒకరు గాలి, రెండోవారు సముద్ర ప్రవాహాలు. అట్లాంటిక్‌లో అమెరికా తూర్పు తీరం వెంబడి పోయే గల్ఫ్‌స్ట్రీమ్‌నే చూడండి. 1770 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీనికి ఒక పటం తయారు చేయించాడు. ఇది ఫ్లోరిడా దగ్గర సెకనుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల నీటిని మోసుకుపోతుంది. ప్రపంచంలోని నదులన్నిటినీ కలిపి ఒక్క చోట పోసినా అందులో పాతికో వంతు కాదు.

ప్రవాహాలు ఎందుకు పుడతాయి?

ముఖ్యంగా మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది గాలి. గాలి నీటిమీద రాసుకుంటూ పోయేటప్పుడు పై నీటిని కూడా తనతో ఈడ్చుకుపోతుంది. ఆ నీటి వేగం గాలి వేగంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే. కాని నెలల తరబడి ఒకే దిక్కున వీచే గాలికి ఆ మాత్రం చాలు.

రెండవది భూభ్రమణం. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. విశాఖపట్నం అక్షాంశం దగ్గర ఆ వేగం సుమారు 1,590 కిలోమీటర్లే. ధ్రువం దగ్గర సున్న. ఇప్పుడు భూమధ్యరేఖ దగ్గర ఉన్న నీరు ఉత్తరానికి బయలుదేరిందనుకోండి. దానికి అక్కడి తూర్పు వేగం అలవాటుగా ఉండనే ఉంది. తాను చేరిన చోట నేల నెమ్మదిగా తిరుగుతోంది. అందుచేత ఆ నీరు నేల కంటే ముందుకు, అంటే తూర్పుకు, తన కుడిచేతి వైపుకు ఒరిగిపోతుంది. ఏ దిక్కున పోయినా ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకి, ఇదీ నియమం. 1835లో దీనికి గణితం కట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కోరియాలిస్ పేరే దానికి పెట్టారు.

దీన్ని సముద్రంలో కళ్ళారా చూసినవాడు నార్వే సాహసి నాన్సెన్. 1893 నుంచి 1896 దాకా తన ఓడ ఫ్రామ్ ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో చిక్కి కొట్టుకుపోతుంటే, ఆ మంచు గాలి వీచే దిక్కున కాక దానికి కుడివైపుగా 20 నుంచి 40 డిగ్రీలు పక్కకు పోవటం గమనించాడు. కారణం కనిపెట్టిన వాడు స్వీడన్‌కు చెందిన ఎక్మన్ అనే యువకుడు. 1905లో అచ్చయిన అతని లెక్క ప్రకారం పై నీరు కుడికి ఒరుగుతుంది, దాని కింది పొర ఇంకొంచెం కుడికి, దాని కిందిది ఇంకా కుడికి... అన్నీ కలిపి చూస్తే గాలి లాగే నీరు మొత్తంమీద గాలికి సరిగ్గా లంబకోణంలో కుడిపక్కకు పోతుంది! గాలి ఉత్తరానికి వీస్తే నీరు తూర్పుకు పోతుందన్నమాట.

మూడవది నీటి బరువు. ఒక గాజుగ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పోయండి. ఇంకో గ్లాసులో మంచినీళ్ళు తీసుకుని అందులో ఒక ఇంకుచుక్క వేయండి. ఈ రంగునీళ్ళని చెంచా మీదుగా మెల్లిగా ఉప్పునీటి మీదకి జారవిడవండి. రంగునీళ్ళు పైనే తేలుతూ ఉండిపోతాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. అలాగే చల్లనీరు బరువు, వెచ్చనీరు తేలిక. గ్రీన్‌లాండ్ దగ్గర, అంటార్కిటికా చుట్టూ బాగా చల్లబడిన ఉప్పునీరు బరువెక్కి అడుక్కి దిగిపోయి సముద్రగర్భంలో ప్రయాణం సాగిస్తుంది. అది మళ్ళీ పైకి వచ్చి ఒక చుట్టు పూర్తి చేసేసరికి సుమారు వెయ్యి సంవత్సరాలు పడుతుందని అంచనా.

ఈ గ్లాసు ప్రయోగాన్ని గుర్తు పెట్టుకోండి. బంగాళాఖాతం కథంతా అందులోనే ఉంది.

దిక్కు మార్చుకునే ప్రవాహాలు

అట్లాంటిక్‌లో, పసిఫిక్‌లో పెద్ద ప్రవాహాలు ఏడాది పొడుగునా ఒకే దిక్కున పోతాయి. మన హిందూ మహాసముద్రం తీరు వేరు. ఉత్తరాన దీనికి ఆసియా ఖండం అడ్డం. వేసవిలో ఖండం కాగితే గాలి నైరుతి నుంచి, చలికాలంలో ఖండం చల్లబడితే గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. గాలి దిక్కు మార్చుకుంటే నీరు మాత్రం ఊరుకుంటుందా? ఆఫ్రికా తీరాన సోమాలీ ప్రవాహం నైరుతి ఋతుపవన కాలంలో ఉత్తరానికి సెకనుకు రెండు మీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతుంది. చలికాలంలో అదే చోట నీరు దక్షిణానికి పోతుంది. శ్రీలంకకు దక్షిణంగా వేసవిలో అరేబియా సముద్రం నీరు తూర్పుకు ప్రవహించి బంగాళాఖాతంలోకి వస్తుంది. చలికాలంలో ఇక్కడి నీరు పడమటికి పోతుంది.

మన కోస్తా పక్కనే ఇలాంటి ప్రవాహం ఒకటి ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది తీరం వెంబడి ఈశాన్యంగా, అంటే నెల్లూరు వైపు నుంచి శ్రీకాకుళం వైపుకు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూర్తిగా తిరగబడి ఒరిస్సా వైపు నుంచి మద్రాసు వైపుకు పోతుంది. జోరుగా ఉన్న రోజుల్లో దీని వేగం సెకనుకు ఒక మీటరు దాకా ఉంటుంది, అంటే మనిషి చులాగ్గా నడిచే వేగం.

ఇదంతా మన తీరాన వీచే గాలి పనే అనుకుంటే పొరపాటు. భూమధ్యరేఖ మీద గాలి మారితే అక్కడ పుట్టిన ఒక కదలిక తూర్పుకు పోయి సుమత్రా తీరాన్ని తాకి, అక్కడి నుంచి బర్మా తీరం, బెంగాలు తీరం పట్టుకుని చుట్టూ తిరిగి కొన్ని వారాలకి మన తీరానికి చేరుతుంది. ఇది ఒడ్డున విరిగే అల కాదు. పైన సముద్ర మట్టం కొద్ది సెంటీమీటర్లే మారుతుంది, కాని లోపల చల్లనీటి పొర మీటర్ల కొద్దీ పైకో కిందికో జరుగుతుంది.

మన తీరం వెంబడి వేసవిలో నైరుతి గాలి వీచేటప్పుడు ఎక్మన్ నియమం ప్రకారం పై నీరు గాలికి కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి లోపలికి తొలగిపోతుంది. ఆ ఖాళీని పూరించటానికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. పొలానికి ఎరువులాంటి లవణాలు ఆ నీటిలో ఉంటాయి. వాటితో నాచు, నాచుతో చిన్న ప్రాణులు, వాటితో చేపలు. 1950లలో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి పనిచేసిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు లఫాండ్, ఇక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి మన తీరాన ఈ సంగతిని పరిశీలించాడు. మన దేశంలో సముద్ర శాస్త్రానికి అదొక మంచి ఆరంభం. ఈనాడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు వేడినీ రంగునూ ఉపగ్రహాల ద్వారా చూసి, చేపలు దొరికే చోట్లు ఇవీ అని జాలర్లకి తెలియజేస్తోంది. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదులో కూర్చుని ఈ పని చేయటం తమాషాగా ఉంటుంది కాని, దీనివల్ల డీజిలు ఆదా అయ్యేది కాకినాడ పడవలోనే.

మంచినీటి పొర

ఇక అసలు సంగతికి వద్దాం. సాధారణంగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అరేబియా సముద్రంలో 36 గ్రాముల దాకా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఆవిరయ్యే నీరు ఎక్కువ, వచ్చి కలిసే నీరు తక్కువ. బంగాళాఖాతంలో వ్యవహారం తిరగబడింది. గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏటా సుమారు వెయ్యి ఘనపు కిలోమీటర్ల నీటిని ఇందులో పోస్తాయి. ఐరావతి సుమారు నాలుగువందలు, మన గోదావరి సుమారు నూరు. ఒక ఘనపు కిలోమీటరు అంటే సుమారు 35 టి.ఎం.సి. అని గుర్తుంచుకుంటే ఈ అంకెలు మన భాషలోకి వస్తాయి. వీటికి తోడు ఖాతం మీద నేరుగా కురిసే వాన ఉండనే ఉంది. అందుచేత వర్షాకాలం వెళ్ళేసరికి ఉత్తర బంగాళాఖాతంలో పై నీటి ఉప్పు కిలోకి 30 గ్రాముల లోపుకు పడిపోతుంది. నదీముఖాల దగ్గర ఇంకా తక్కువ.

ఫలితం మన గాజుగ్లాసే. కింద బరువైన ఉప్పునీరు, పైన 10 నుంచి 30 మీటర్ల మందాన తేలికైన చప్పనీటి పొర. గాలి ఎంత వీచినా ఈ రెండూ త్వరగా కలవవు.

కలవకపోతే ఏమవుతుంది? అరేబియా సముద్రంలో జూన్, జూలై గాలులు నీటిని లోతుగా కలియబెడతాయి. అడుగు నుంచి చల్లనీరు పైకి వచ్చి సముద్రం చల్లబడుతుంది. బంగాళాఖాతంలో ఆ కలియబెట్టటం సాగదు. ఎండ వేడి లోతుకి దిగక పై పొరలోనే ఉండిపోతుంది. అందుచేత వర్షాకాలం అంతా ఇక్కడి నీరు దాదాపు 28 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గదు. సముద్రం మీద పెద్ద మేఘాలు, అల్పపీడనాలు లేవటానికి కావలసిన వేడి సుమారుగా అదే. ఇక్కడ లేచిన అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి పడమటికి, వాయవ్యానికి కదిలి ఒరిస్సా, తెలంగాణ, మధ్యప్రదేశ్, గంగా మైదానాల మీద వానలు కురిపిస్తాయి. ఆ వానలో కొంత మళ్ళీ నదుల్లోకి, నదుల నుంచి మళ్ళీ ఖాతంలోకి. వాన నదిని నింపుతుంది, నది ఖాతం మీద పొర పరుస్తుంది, పొర వేడిని నిలుపుతుంది, ఆ వేడి వానను లేపుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన షెనాయ్, శంకర్, శెట్యే 2002లో రెండు సముద్రాల వేడి జమాఖర్చులను పోల్చి, ఈ తేడాని స్పష్టంగా చూపారు.

శ్రీలంక చుట్టివచ్చి కేరళ దాకా

ఆ చప్పనీరు ఉన్నచోటనే ఉండిపోదు. అక్టోబరు, నవంబరులలో మన కోస్తా ప్రవాహం దక్షిణానికి తిరుగుతుందని చెప్పుకున్నాం కదా. గంగ, మహానది, గోదావరి నీరు కలిసిన ఆ చప్పనీరు దానితోపాటే ఆంధ్ర తీరం, తమిళ తీరం దాటి, శ్రీలంకను చుట్టి, ఈశాన్య ఋతుపవన కాలంలో అరేబియా సముద్రపు ఆగ్నేయ మూలకి, అంటే లక్షద్వీపాల వైపుకి చేరుతుంది. అక్కడ కూడా అదే పని చేస్తుంది, ఉప్పునీటి మీద తేలిక పొరగా పరుచుకుంటుంది. మార్చి నుంచి మే దాకా ఎండలకి ఆ పొర కాగి, ఆ నీరు 30 డిగ్రీలు దాటుతుంది. ప్రపంచ సముద్రాలన్నిటిలోనూ ఆ రోజుల్లో అతి వెచ్చని చోట్లలో అదొకటి. సరిగ్గా దాని పక్కనే, జూన్ ఒకటో తారీఖు ప్రాంతంలో, కేరళలో ఋతుపవనం అడుగుపెడుతుంది. ఆ వెచ్చని నీటికీ ఋతుపవనం రాకకీ సంబంధం ఉందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

అంటే నిరుడు ఆగస్టులో "వృథా" అయిన నీటిలో కొంత ఈ యేడు మే నెలలో మన వాన రాకకు ఏర్పాట్లు చేస్తూ ఉండవచ్చునన్నమాట.

ఈ బేరంలో ఇంకో పక్షం కూడా ఉంది. ఇన్ని నదులు కలుస్తుంటే బంగాళాఖాతం యేటేటా చప్పబడిపోవాలి కదా? వేసవిలో శ్రీలంక దక్షిణం నుంచి వచ్చే ఉప్పునీరు చప్పనీటి కిందుగా లోపలికి దూరి ఆ లోటు భర్తీ చేస్తుంది. చలికాలంలో చప్పనీరు అటు పోతుంది, వేసవిలో ఉప్పునీరు ఇటు వస్తుంది. రెండు సముద్రాల మధ్య ఏటా జరిగే ఇచ్చిపుచ్చుకోవటం ఇది.

మేలుతోపాటు కీడు

ఇంతసేపూ మేలే చెప్పుకున్నాం. ఆ పొరకి రెండో ముఖం కూడా ఉంది. తుఫానుకి తిండి వెచ్చని నీరు. సుమారు 26 డిగ్రీలకు పైబడిన నీరు యాభై మీటర్ల లోతు దాకా ఉంటే తుఫాను బలపడుతుంది. మామూలు సముద్రంలో తుఫాను తన గాలితో తానే నీటిని చిలికి, అడుగు చల్లనీటిని పైకి తెచ్చుకుని, కొంతవరకు తన మంట తానే ఆర్పుకుంటుంది. బంగాళాఖాతంలో వర్షాకాలం వెళ్ళిన తరువాత చప్పనీటి పొర ఆ చిలకటాన్ని అడ్డుకుంటుంది. తుఫాను కింద నీరు అంతగా చల్లబడదు. అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలో తుఫానులు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కావటానికి ఉన్న కారణాల్లో ఈ వేడి ఒకటి.

మన పెద్ద తుఫానులు పలుమార్లు అక్టోబరు, నవంబరులలోనే వచ్చాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణాలు తీసింది ఈ రోజుల్లోనే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ కూడా ఈ రోజుల్లోదే. 1977కీ 2014కీ ప్రాణనష్టంలో ఉన్న తేడా చూస్తే, సముద్రాన్ని ముందుగా చదవటం వల్ల ఒరిగేదేమిటో తెలుస్తుంది. ఇప్పుడు ప్రపంచ సముద్రాల్లో సుమారు నాలుగువేల ఆర్గో తేలుడు యంత్రాలు పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ, నీటి వేడినీ ఉప్పునూ కొలిచి ఉపగ్రహానికి చెబుతున్నాయి. ఉపగ్రహం పై నీటినే చూడగలదు. తుఫాను ఎంత పెరుగుతుందో తెలియాలంటే కింద ఏముందో కూడా తెలియాలి.

దూరపు సముద్రాల మాట

మన వానంతా బంగాళాఖాతం చేతిలోనే ఉందనుకోకూడదు. పసిఫిక్ మహాసముద్రంలో పెరూ వైపు నీరు అసాధారణంగా వేడెక్కటాన్ని ఎల్ నినో అంటారు. మన రాయలసీమను కూడా ఊడ్చిపెట్టిన 1876-78 కరువు కాలంలో పెద్ద ఎల్ నినో ఉంది. 2002, 2009 అనావృష్టులప్పుడూ ఉంది. కాని 1997లో అంతకన్న బలమైన ఎల్ నినో వచ్చినా దేశంలో వాన మామూలుగానే పడింది. హిందూ మహాసముద్రంలోనే తూర్పు వైపు చల్లబడి, పడమటి వైపు వేడెక్కే ఊగిసలాట ఒకటుందని, ఆ ఏడాది అది మనకు అనుకూలించిందని తరువాత తేలింది. 1999లో దాన్ని వివరించిన వారిలో సాజి, గోస్వామి, వినయచంద్రన్ అనే భారతీయులున్నారు.

మరి వృథాయేనా?

ఇప్పుడు మొదటి మాటకి వద్దాం. నదులకి ఆనకట్టలు కట్టవద్దని ఈ వ్యాసం చెప్పటం లేదు. కాటన్ ఆనకట్ట లేని గోదావరి జిల్లాలను ఊహించలేం. లెక్క కూడా నిజాయితీగా చూడాలి. గంగా బ్రహ్మపుత్రల ముందు గోదావరి పదో వంతు. ఒక్క గోదావరి నీరంతా మనం వాడుకున్నా ఖాతం రాత్రికి రాత్రి మారిపోదు. కృష్ణ నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలోకి దాదాపు ఏమీ పోని సంవత్సరాలు 2000 తరువాత కొన్ని వచ్చాయి. దానివల్లనే వానలు ఆగిపోయాయని ఎవరూ అనలేరు.

అయితే ఒక్కొక్క రాష్ట్రమూ, ఒక్కొక్క దేశమూ తన వంతు "వృథా" నీటిని ఆపుకుంటూ పోతే, నదులన్నిటినీ అనుసంధానం చేసి సముద్రానికి చుక్క వదలకూడదనుకుంటే, అప్పుడు కూడా ఖాతం మీద ఆ పొర ఇలాగే ఉంటుందా? వానలు ఇలాగే పడతాయా? ఈ ప్రశ్న కొందరు శాస్త్రజ్ఞులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ప్రాజెక్టు నివేదికలో ఎకరాల లెక్క ఉంటుంది, మెగావాట్ల లెక్క ఉంటుంది, ముంపు ఊళ్ళ లెక్క ఉంటుంది. సముద్రానికి ఎంత నీరు కావాలన్న లెక్క కూడా అందులో ఒక పేజీగా ఉండాలి. సముద్రాన్ని కూడా ఒక ఆయకట్టుగా చూడాలి. అక్కడ పండే పంట మేఘం.

ఆ పేజీ రాయవలసినవాళ్ళు ఎవరు? లెక్కలు చదివేవాళ్ళు ప్రవాహాల సమీకరణాలు పట్టుకోవాలి. ఫిజిక్సువాళ్ళు వేడి జమాఖర్చు చూడాలి. సివిల్ ఇంజనీర్లు గేట్లకి అవతల ఏముందో కూడా చదవాలి. అర్థశాస్త్రం వాళ్ళు చేపకీ, వానకీ, తుఫానుకీ వెల కట్టడం నేర్చుకోవాలి. మనలో చాలామందికి సముద్రం అంటే సాయంత్రం పూట బీచి, పల్లీల పొట్లం. దాని లోపల నడుస్తున్న ఈ నదుల్ని గురించి ఇంకా తెలుసుకోవలసింది చాలా ఉంది. వచ్చే వర్షాకాలంలో ధవళేశ్వరం గేట్లు ఎత్తారన్న వార్త విన్నప్పుడు, ఆ నీరు ఇప్పుడెక్కడికి పోతుందోనని ఒక్కరైనా పటం తీసి చూస్తే ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్లే.